విజ్ఞాన సర్వస్వంలో నాణ్యతా నిర్ణయం: కంప్యూటర్ భద్రతా వ్యాసాలు, స్వచ్ఛంద పరిశీలకులు

హసన్‌పర్తి: రెండు పుటలు

హనుమకొండ నుండి కరీంనగర్ వెళ్ళే రహదారి మీద భీమారం, ఎర్రగట్టు గుట్ట, హసన్‌పర్తి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఎర్రగట్టు గుట్టకు ఎదురుగా 1980లో స్థాపితమైన కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఉంది. అదే మండలంలోని అనంతసాగర్‌లో 2002లో ఇంజనీరింగు కళాశాలగా ప్రారంభమై 2020లో విశ్వవిద్యాలయంగా మారిన ఎస్.ఆర్. సంస్థ ఉంది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో హసన్‌పర్తి రోడ్ స్టేషను పేరుతో బయటివారికి తెలిసిన ఈ ఊరికి సాంకేతిక విద్య మరొక గుర్తింపును తెచ్చింది. ఏటా ఎన్నో వందల మంది విద్యార్థులు ఈ మండలంలో కంప్యూటర్ శాస్త్రాన్ని అభ్యసిస్తారు. ఆ అభ్యాసమంతా ఆంగ్లంలోనే సాగుతుంది.

తెలుగు వికీపీడియాలో హసన్‌పర్తికి ఒక పుట ఉంది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ మండలం పూర్వపు వరంగల్ జిల్లా నుండి వరంగల్ పట్టణ జిల్లాలోకి వచ్చింది. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఇటువంటి మార్పులను రాష్ట్రంలోని అన్ని గ్రామాల, మండలాల పుటలలో ప్రభుత్వ ఉత్తర్వుల ఆధారంగా నమోదు చేసినవారు స్వచ్ఛంద రచయితలే. ఈ పనికి వారికి ఎవరూ వేతనం ఇవ్వలేదు, అధికారమూ ఇవ్వలేదు. పుటలో జిల్లా పేరు తప్పుగా ఉంటే హసన్‌పర్తిలో నివసించే ఏ పాఠకుడైనా పట్టుకోగలడు. ఊరి గురించి రాసినదాన్ని ఊరివారు తమ కళ్ళతో పరీక్షించుకోవచ్చు.

అదే పాఠకుడు ఫిషింగ్ గురించో, సంకేతపదాల గురించో, ఫోనుకు వచ్చిన అనుమానాస్పద లంకె గురించో తెలుగులో చదవాలనుకున్నప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. అక్కడ రాసినది సరైనదో కాదో అతని కళ్ళు చెప్పలేవు. తప్పు సలహాను నమ్మితే పోయేది అతని బ్యాంకు ఖాతాలోని సొమ్ము. కాబట్టి ఆ వ్యాసాన్ని తనకంటే ముందు చదివి, ఇది నమ్మదగినది, ఇది అసంపూర్ణం అని గుర్తు పెట్టిన మరొకరి మీద అతడు ఆధారపడక తప్పదు. ఆ మరొకరు ఎవరు, వారి నిర్ణయానికి ప్రాతిపదిక ఏమిటి, ఆ ప్రాతిపదిక తెలుగులోకి వచ్చేసరికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం విజ్ఞాన సర్వస్వాల చరిత్రలోనే వెతకాలి.

సంపాదకుని సంతకం నుండి చర్చా పుట వరకు

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచన మొదటి నుండీ స్వచ్ఛంద ఉద్యమమే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, హనుమకొండలో 1904లో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. నిజాం రాష్ట్రంలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజులలో ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు చందాలు వేసుకొని నిలబెట్టిన సంస్థలివి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి అదే స్ఫూర్తితో శాస్త్ర చరిత్ర గ్రంథాలను ప్రచురించింది. ఆ మండలికి ప్రాణమైన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1910ల దశకంలో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని చేపట్టి మూడు సంపుటాలు వెలువరించారు. ఆ మూడు సంపుటాలూ అకారాన్ని దాటలేదు. 1923లో ఆయన మరణించారు. తరువాతి కాలంలో హైదరాబాదు నుండి ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం వచ్చింది.

ఈ గ్రంథాలలో నాణ్యతా నిర్ణయం ముద్రణకు ముందే ముగిసేది. సంపాదకుని పేరే పాఠకునికి హామీ. లక్ష్మణరావు స్వయంగా చదివి, సరిదిద్ది, అవసరమైతే తిరగరాసిన వ్యాసం మీద వేరే ముద్ర అవసరం లేదు. ఈ పద్ధతిలోని లోపం అకారం దగ్గరే బయటపడింది. ఒక మనిషి శ్రద్ధ ఎంత లోతుకు వెళ్ళినా అక్షరమాల చివరకు వెళ్ళలేదు.

ఆంగ్లంలోనూ ఇదే సమస్య వేరొక రూపంలో ఎదురైంది. 2000 మార్చిలో ప్రారంభమైన న్యూపీడియా అంతర్జాలంలో నిపుణులు రాసే ఉచిత విజ్ఞాన సర్వస్వం. ప్రతి వ్యాసం ఏడు దశల సమీక్ష దాటాలి. 2003లో మూతపడేనాటికి ఆ దశలన్నీ దాటిన వ్యాసాలు పాతిక ప్రాంతంలోనే ఆగిపోయాయి. దానికి తోడుగా 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా సమీక్షను ప్రచురణకు ముందు కాక ప్రచురణ తరువాతకు జరిపింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. వ్యాసం పక్కనే చర్చా పుట ఉంటుంది. ప్రతి మార్పూ చరిత్రలో నమోదవుతుంది.

ప్రచురణ తరువాత సమీక్ష అన్నప్పుడు, ఏ వ్యాసం సమీక్ష పొందింది, ఏది పొందలేదు అని చెప్పే గుర్తు ఒకటి కావలసి వచ్చింది. మొదట్లో చక్కని వచనం అన్న పేరుతో ఇష్టమైన వ్యాసాల జాబితా ఒకటి ఉండేది. 2004లో అది విశేష వ్యాసాల ఎంపికగా మారి, ఆధారాల విషయంలో క్రమంగా కఠినమైంది. 2005లో మంచి వ్యాసాల వర్గం వచ్చింది. అసలైన శ్రేణీ విభజన మాత్రం ఈ రెండింటి నుండి పుట్టలేదు. రసాయన పదార్థాల వ్యాసాలు రాస్తున్న కొద్దిమంది తమ పని ఎంత మిగిలి ఉందో లెక్క చూసుకోవడానికి 2005లో ఒక పట్టిక వేసుకున్నారు. వికీపీడియాలో ఎంపిక చేసిన భాగాన్ని సీడీగానో పుస్తకంగానో తేవాలని కృషి చేస్తున్న బృందం ఆ పట్టికను స్వీకరించి అన్ని విషయాలకూ విస్తరించింది. 2006 నుండి ఒక బాట్ ఆ లెక్కలను తానే సేకరించసాగింది. 2007లో సుమారు 2000 వ్యాసాలతో ఒక సీడీ వెలువడింది. 2008లో మొదటి దశకూ బి శ్రేణికీ మధ్య సి శ్రేణి చేరింది.

ఈ పుట్టుకను గుర్తుంచుకోవడం అవసరం. శ్రేణులు మొదట రచయితల కోసం ఏర్పడ్డాయి. ఎక్కడ పని మిగిలి ఉంది, ఏది సీడీలోకి ఎక్కించవచ్చు అన్నవే అవి చెప్పదలచిన విషయాలు. వ్యవసాయదారుడు కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబట్టి రాశులు వేసుకోవడం వంటిదా పని. సంతలో ధర పలికే తూకపు ముద్ర వంటిది కాదు. కాలక్రమంలో పాఠకులు, పాత్రికేయులు, ఉపాధ్యాయులు ఆ గుర్తులను తూకపు ముద్రగానే చదవసాగారు. 2005 డిసెంబరులో నేచర్ పత్రిక 42 వైజ్ఞానిక వ్యాసాలను నిపుణులకు చూపించి, వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 దోషాలను లెక్కకట్టింది. తీవ్రమైన దోషాలు రెండింటిలోనూ నాలుగేసి కనిపించాయి. ఆ లెక్కను బ్రిటానికా సంస్థ ఖండించింది. ఏమైనా, నాణ్యత అంటే లెక్కించదగినది అన్న భావన ఆ తరువాత స్థిరపడింది.

సంకేతపదం కథ

కంప్యూటర్ భద్రతకు ఆంగ్ల వికీపీడియాలో ప్రత్యేక ప్రాజెక్టు ఉంది. దాని సభ్యులు వైరస్‌లు, గూఢలేఖనం, ఫైర్‌వాల్‌లు, ప్రసిద్ధమైన దాడులు, భద్రతా ప్రమాణాలు మొదలైన వ్యాసాల చర్చా పుటల మీద రెండు కొలతలను నమోదు చేస్తారు. ఒకటి నాణ్యత, రెండవది ప్రాధాన్యం. బి శ్రేణికి చేరాలంటే ఆధారాలు, విషయవిస్తృతి, నిర్మాణం, భాష, పటాలు మొదలైన సహాయక సామగ్రి, సామాన్య పాఠకునికి అందే సుబోధత అనే ఆరు అంశాలను చూస్తారు. బి వరకు ఏ ఒక్క పరిశీలకుడైనా నిర్ణయించవచ్చు. మంచి వ్యాసానికి ఆ వ్యాసరచనలో పాల్గొనని ఒక సమీక్షకుడు కావాలి. విశేష వ్యాసానికి పలువురి ఏకాభిప్రాయం కావాలి.

ఈ పరిశీలకులకు మిగిలిన ప్రాజెక్టులవారికి లేని చిక్కు ఒకటుంది. కాకతీయుల శాసనం గురించిన వ్యాసం ఒకసారి బాగా రాస్తే కొత్త శాసనం దొరికే వరకు బాగానే ఉంటుంది. భద్రతా వ్యాసం ఎవరూ ముట్టుకోకపోయినా పాడవుతుంది. దీనికి సంకేతపదాల చరిత్రను మించిన నిదర్శనం లేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 2003–04 ప్రాంతంలో బిల్ బర్ అనే అధికారి రూపొందించిన మార్గదర్శక పత్రం, సంకేతపదంలో పెద్దక్షరాలు, అంకెలు, చిహ్నాలు కలిసి ఉండాలన్న నియమానికి, దాన్ని తరచూ మార్చాలన్న నియమానికి ప్రపంచవ్యాప్తంగా ఆధారమైంది. బ్యాంకులు, కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు వాటిని అమలు చేశాయి. ఫలితం అందరికీ అనుభవమే. మనుషులు పాత పదం చివర ఒకటి తీసి రెండు చేర్చారు. మరచిపోతామని కాగితం మీద రాసి తెరకు అంటించారు. 2017 జూన్‌లో నిస్ట్ తన పత్రాన్ని సవరించింది. చిహ్నాల కలగలుపును తప్పనిసరి చేయనక్కరలేదని, లీకైన దాఖలా లేనిదే నిర్ణీత గడువుకు మార్పించవద్దని, ఇప్పటికే బయటపడిన పదాల జాబితాతో పోల్చి చూడాలని సూచించింది. బర్ స్వయంగా అదే సంవత్సరం తన పాత సలహాకు పశ్చాత్తాపం తెలిపారు.

2016లో ఒక పరిశీలకుడు సంకేతపదాల గురించిన వ్యాసాన్ని చదివాడనుకుందాం. ప్రతి వాక్యానికీ ప్రభుత్వ ప్రమాణ పత్రం ఆధారంగా ఉంది. నిర్మాణం బాగుంది. భాష సుబోధం. అతడు బి శ్రేణి ఇస్తే తప్పు పట్టలేము. ఏడాది తిరిగేసరికి అదే వ్యాసంలోని ప్రధాన సలహా కాలం చెల్లినదైంది. చర్చా పుట మీది గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. వ్యాసం ఆధారాలకు అనుగుణంగా ఉందని ఆ గుర్తు చెప్పింది. ఆధారమే మారిపోతుందని చెప్పే శక్తి దానికి లేదు. ఎం.డి.5, ఎస్.హెచ్.ఎ.1 అనే సందేశ సంక్షేప పద్ధతులకూ ఇదే జరిగింది. మొదటిదానిలోని బలహీనత 2004లోను, రెండవదానిని నిజంగా ఛేదించి చూపడం 2017 ఫిబ్రవరిలోను జరిగాయి. ఆ తేదీలకు ముందు రాసిన ప్రతి వాక్యాన్నీ తిరిగి చదవవలసి వచ్చింది.

ఎక్కువమంది చూస్తే దోషాలు దాగవన్న నమ్మకం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి, వికీపీడియాకు ఉమ్మడి వారసత్వం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లు వాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే బహిరంగ సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం రెండేళ్ళకు పైగా అందరి కళ్ళ ముందే ఉంది. చూసే అవకాశం అందరికీ ఉండటం వేరు, ఎవరో ఒకరు నిజంగా చూడటం వేరు. వ్యాసాల విషయంలోనూ అంతే. 2015 చివరలో వికీమీడియా సంస్థ వ్యాసాల శ్రేణిని యంత్రం చేత అంచనా వేయించే ఓర్స్ అనే సేవను ప్రకటించింది. వ్యాసం పొడవు, ఆధారాల సంఖ్య, శీర్షికల అమరిక వంటి బాహ్య లక్షణాలను అది చదివేది. సలహా కాలం చెల్లిందా అన్నది దానికి కనిపించేది కాదు.

మొలకలు, బైట్లు, మాటలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. నేడు లక్షకు మించిన వ్యాసాలున్న ఈ విజ్ఞాన సర్వస్వంలో ఆంగ్లంలో ఉన్నంత దట్టమైన శ్రేణీ వ్యవస్థ వేళ్ళూనలేదు. ప్రతి వారం మొదటి పుటలో ప్రదర్శించే ఈ వారం వ్యాసం ఒక కొసన, మొలక మరొక కొసన నిలిచాయి. మధ్యనున్న మెట్లు అంతగా వాడుకలోకి రాలేదు. మొలక అన్న మాట గమనించదగినది. ఆంగ్లంలోని స్టబ్ అనే మాటకు నరికిన చెట్టు మొద్దు, విరిగిన ముక్క అని అర్థాలున్నాయి. తెలుగు రచయితలు దాన్ని మొలకగా మార్చి, మిగిలిపోయినదానిని ఎదగవలసినదిగా చేశారు. 2020 వేసవి చివర నుండి జరిపిన మొలకల విస్తరణ ఋతువు ఆ పేరుకు తగిన కార్యక్రమమే. ఎందరో సభ్యులు చిన్న వ్యాసాలను ఎంచుకొని పెంచారు.

మొలకను గుర్తించే కొలత మాత్రం బైట్లలో ఉంది. సాధారణంగా 2 కిలోబైట్ల లోపు వ్యాసాన్ని మొలక అంటారు. యూనికోడ్ భద్రపరిచే యు.టి.ఎఫ్.8 విధానంలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకు, ప్రతి గుణింతపు గుర్తుకు, ప్రతి పొల్లుకు మూడేసి బైట్లు కావాలి. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు పడతాయి. రెండు కిలోబైట్లు అంటే తెలుగులో ఏడు వందల సంకేతాలు కూడా కావు. హసన్‌పర్తి అన్న పేరునే తీసుకుంటే అది పది సంకేతాలు, ముప్పై బైట్లు. ఆ పదింటిలో ఒకటి కంటికి కనిపించదు. నకారపు పొల్లుకూ పకారానికీ మధ్య నిలిచి, అవి కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపే శూన్యవిస్తృతి విభాజకం అది. దాని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

భద్రతా వ్యాసాల విషయంలో పరిమాణం కంటే పెద్ద సమస్య పదజాలం. 2009–11 మధ్య గూగుల్ సంస్థ ఆంగ్ల వ్యాసాలను తన అనువాద ఉపకరణం సాయంతో, వేతనం పొందే అనువాదకుల చేత, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోకి తెప్పించింది. వ్యాసాలు పెద్దవి. ఆధారాలు నిండుగా ఉన్నాయి. కొలబద్దతో కొలిస్తే మొలకలు కావు. చదివితే మాత్రం వాక్యం ఆంగ్లపు ఎముకల మీద తెలుగు తోలు కప్పినట్లుండేది. బెంగాలీ వికీపీడియా సభ్యులు ఆ వ్యాసాలను అంగీకరించలేదు. తమిళ సభ్యులు అనువాదకులతో మాట్లాడి, దోషాలను వర్గీకరించి, 2010లో పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో జరిగిన వికీమేనియా సభలో తమ సమీక్షను సమర్పించారు. తెలుగులో ఆ వ్యాసాల శుద్ధి ఏళ్ళ తరబడి సాగింది. భారతీయ భాషలలో స్వచ్ఛంద పరిశీలకులు తమ నాణ్యతా ప్రమాణాన్ని మాటలలో పెట్టి చెప్పవలసి వచ్చిన తొలి పెద్ద సందర్భంగా దీన్ని పరిగణించాలి.

కంప్యూటర్ భద్రతలో నిఘంటువును మాత్రమే నమ్మిన అనువాదం వికటించడానికి ఎన్నో అవకాశాలున్నాయి. లోపాన్ని వాడుకొని చొరబడే ఎక్స్‌ప్లాయిట్ దోపిడీ అవుతుంది. రెండు యంత్రాల మధ్య పరిచయ ప్రక్రియ కరచాలనమవుతుంది. సంకేతపదానికి కలిపే యాదృచ్ఛిక భాగం ఉప్పు అవుతుంది. ఇవి నవ్వుకొని వదిలేయదగినవి. పాఠకుడికి ఏదో పొసగలేదని వెంటనే తెలుస్తుంది గనుక వీటివల్ల హాని తక్కువ. నున్నగా చదివించే తప్పులే ప్రమాదకరం. ఎన్‌కోడింగ్, ఎన్‌క్రిప్షన్ రెంటికీ సంకేతీకరణ అన్న ఒకే మాట వాడితే వాక్యం ఎక్కడా తడబడదు. కానీ మొదటిది సమాచారాన్ని మరొక రూపంలో రాయడం, ఎవరైనా వెనక్కి చదువుకోవచ్చు. రెండవది తాళంచెవి లేనివారు చదవకుండా చేయడం. రెండూ ఒకటేననుకున్న పాఠకుడు రక్షణ లేనిచోట రక్షణ ఉందని నమ్ముతాడు. వ్యక్తి హక్కుకు సంబంధించిన ప్రైవసీకి, వ్యవస్థ లక్షణమైన కాన్ఫిడెన్షియాలిటీకి గోప్యత అన్న ఒకే మాట వాడినప్పుడూ ఇదే చిక్కు. ఇటువంటి దోషాన్ని పట్టాలంటే పరిశీలకునికి విషయమూ భాషా రెండూ తెలిసి ఉండాలి. భాష మాత్రమే తెలిసినవారికి వాక్యం బాగానే కనిపిస్తుంది. విషయం మాత్రమే తెలిసినవారు తెలుగు వాక్యాన్ని మనసులో ఆంగ్లంలోకి మార్చుకొని చదివి, తమకు తెలిసిన అర్థాన్నే అందులో చూస్తారు.

రెండూ తెలిసినవారు లేకపోలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు కంప్యూటర్ వ్యవస్థలలోకి చొరబాట్లను యంత్రాభ్యాసంతో పసిగట్టడం మీద పరిశోధించారు. ఆ విషయం మీద యిహువా లియావోతో కలిసి 2002లో వెలువరించిన వ్యాసం ఆ రంగంలో బాగా ప్రసిద్ధం. ఆయనే జీవరహస్యం, రసగంధాయ రసాయనం వంటి తెలుగు విజ్ఞాన గ్రంథాల రచయిత. తెలుగు వికీపీడియాలో వైజ్ఞానిక వ్యాసాలు రాశారు. వైజ్ఞానిక పదాలకు ఆయన కూర్చిన నిఘంటువు వికీ ప్రాజెక్టులలో అందరికీ అందుబాటులో ఉంది. లక్ష్మణరావు కాలంలో సంపాదకుడు చేసిన పనికి నేటి వికీలో సరితూగేది ఇటువంటి నిఘంటువే అనడం అతిశయోక్తి కాదు. ఏ మాట దేనికో ఒకసారి తేల్చి ఉంచితే పరిశీలకునికి కొలబద్ద దొరుకుతుంది.

జ్ఞా

తెలుగు వచ్చిన పరిశీలకుడు భద్రతా వ్యాసానికి ఏమి చేర్చగలడో 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక ఘటన స్పష్టం చేస్తుంది. ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే చాలు, ఆపిల్ ఫోన్లు, కంప్యూటర్లలోని అనువర్తనాలు కుప్పకూలుతున్నాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ అక్షరం జ్ఞా. జ్ఞానం అన్న మాటకు మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని ఆనాడు తెలుగువారు చమత్కరించుకున్నారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణను విడుదల చేసింది. దీన్ని జ్ఞాపకశక్తి భాగం చెడిపోయే లోపంగా వర్ణించి, సి.వి.ఇ. 2018–4124 అన్న సంఖ్యతో భద్రతా లోపాల పట్టికలో చేర్చారు.

వార్తలన్నీ ఒకే తెలుగు అక్షరం అన్నాయి. తెలుగు రాత పద్ధతి తెలిసినవారికి ఇక్కడే సందేహం రావాలి. జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞాపత్రం వంటి మాటలు ప్రతిరోజూ లక్షల ఫోన్లలో టైపు అవుతుండగా ఆ ఫోన్లన్నీ ఎందుకు కూలలేదు? కారణం, మామూలు జ్ఞా నిరపాయకరం. దానిలో జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘపు గుర్తు అని నాలుగు సంకేతాలు ఉంటాయి. యంత్రాన్ని పడగొట్టిన వరుసలో ఐదు ఉన్నాయి. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని శూన్యవిస్తృతి విభాజకం చేరింది. తెలుగులో ఆ స్థానంలో దానికి పనిలేదు. హసన్‌పర్తిలో వలె పొల్లుకూ తరువాతి హల్లుకూ మధ్య ఉంటేనే దానికి అర్థం. ఈ లోపం తెలుగుకు మాత్రమే పరిమితం కాలేదు. దేవనాగరి, బెంగాలీ లిపులలోనూ కొన్ని వరుసలు అదే పని చేశాయి. తప్పు అక్షరానిది కాదు, అక్షరాలను తెర మీద పేర్చే ఆపిల్ వారి వ్యవస్థది.

ఇప్పుడు పరిశీలకుని స్థానం నుండి ఈ ఘటనను చూడాలి. విజ్ఞాన సర్వస్వం స్వీయ పరిశోధనను ఒప్పుకోదు. నమ్మదగిన ప్రచురిత ఆధారం కావాలి. ప్రసిద్ధ పత్రికలన్నీ ఒకే అక్షరమనే రాశాయి. ఐదు సంకేతాల వరుసను విడమరచి, ఏ లిపులలో ఏ హల్లులకు వర్తిస్తుందో పరీక్షించి చెప్పిన వివరమైన రచన ఒక భారతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్వయంగా ప్రచురించుకున్నది. నియమం ప్రకారం స్వయంప్రచురణ బలహీనమైన ఆధారం, పత్రికా వార్త బలమైన ఆధారం. భాష తెలియని పరిశీలకుడు నియమాన్ని అక్షరాలా పాటిస్తే సరికాని వాక్యానికి మంచి శ్రేణి, సరైన వాక్యానికి ఆధారం కావాలన్న గుర్తు పడతాయి. విషయ నిపుణుల స్వయంప్రచురణను పరిమితంగా అనుమతించే వెసులుబాటు నియమాలలోనే ఉంది. కానీ ఆ రచయిత నిపుణుడని, ఆ విశ్లేషణ తెలుగు రాతకు సరిపోతుందని చర్చా పుటలో వాదించగలిగేవారు కావాలి. మామూలు జ్ఞా పనిచేస్తుందని చూపడానికి తెలుగు చదవగలిగిన ఎవరికైనా ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం వెచ్చించేవారు లేకపోతే తెలుగు లిపే ప్రమాదకరమన్న అపోహ ఆధారాలతో సహా నిలిచిపోతుంది.

ఇటువంటి తావులు ఇంకా ఉన్నాయి. తెలుగులో వెబ్ చిరునామాలు, భారత్ అన్న తెలుగు కొసతో సహా, అందుబాటులోకి వచ్చాయి. తెలుగు, కన్నడ లిపులలో ర, ల, జ, అనుస్వారం వంటివి చూపుకు దాదాపు ఒకటే అయినా యంత్రానికి వేరు. ఒక తెలుగు చిరునామాలో కన్నడ రకారాన్ని జొప్పిస్తే పాఠకుని కంటికి తేడా తెలియదు. అది అతన్ని మోసగాని పుటకు చేరుస్తుంది. అంతర్జాల నామాలను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ కోసం బ్రాహ్మీ సంతతి లిపులను పరిశీలించిన బృందం ఇటువంటి జంటలను గుర్తించి 2019లో తెలుగుకు నియమావళిని ప్రతిపాదించింది. ఆంగ్ల వ్యాసాలలో లిపి సామ్యపు మోసాలకు ఉదాహరణలు ఎక్కువగా లాటిన్, సిరిలిక్ లిపుల నుండి వస్తాయి. తెలుగు పాఠకునికి ఎదురయ్యే రూపం వేరు. ఆంగ్ల వ్యాసాన్ని యథాతథంగా అనువదించి, దాని శ్రేణినీ వెంట తెచ్చుకుంటే ఈ భాగం ఖాళీగా మిగులుతుంది.

పరిశీలకుల కొరత

భద్రతా సమాచారం తెలుగులో అసలే లేదనడం సరికాదు. సైబర్ మోసం జరిగిన వెంటనే 1930కి ఫోను చేయాలని పోలీసు శాఖ తెలుగులో ప్రచారం చేస్తోంది. తెలంగాణలో సైబర్ నేరాలకు ప్రత్యేక బ్యూరో పనిచేస్తోంది. ఆ ప్రచారం ఏమి చేయాలో, ఏమి చేయకూడదో చెబుతుంది. ఎందుకు చేయకూడదో వివరించడం విజ్ఞాన సర్వస్వపు పని. ఆ వివరణకు ఆధారాలైన నిస్ట్ పత్రాలు, 2004 నుండి పనిచేస్తున్న సెర్ట్ ఇన్ హెచ్చరికలు, పరిశోధన వ్యాసాలు ప్రధానంగా ఆంగ్లంలో ఉన్నాయి. జిల్లా పేరు మారినప్పుడు ప్రభుత్వ ఉత్తర్వు దొరికినట్లు, ఒక గూఢలేఖన పద్ధతికి కాలం చెల్లినప్పుడు తెలుగులో ఉదహరించదగిన ప్రకటన దొరకదు.

విద్యాసంస్థలను ఈ పనిలోకి తెచ్చే యత్నాలు జరిగాయి. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో రాశారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇండిక్‌వికీ ప్రాజెక్టు ద్వారా దత్తాంశాల నుండి మూసలతో పెద్ద సంఖ్యలో తెలుగు వ్యాసాలను తయారుచేసే మార్గాన్ని ఎంచుకుంది. గ్రామాలకు, నక్షత్రాలకు, చలనచిత్రాలకు మూస సరిపోవచ్చు. భద్రతా వ్యాసాలలో ప్రతి వాక్యానికీ వేరే తర్కం ఉంటుంది గనుక మూస కుదరదు. పైగా ఈ యత్నాల దృష్టి రచన మీదే ఉంది. రాసినదాన్ని చదివి శ్రేణి నిర్ణయించడం విడిగా నేర్పవలసిన విద్యగా ఇంకా గుర్తింపు పొందలేదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతించింది. ఆ బోధన వేళ్ళూనితే ఎన్‌క్రిప్షన్‌కు ఏ మాట, ఎన్‌కోడింగ్‌కు ఏ మాట అన్నది తరగతి గదిలో తేల్చుకోక తప్పదు.

ఎర్రగట్టు గుట్ట దగ్గర మూడవ సంవత్సరం చదివే విద్యార్థికి హార్ట్‌బ్లీడ్ అంటే ఏమిటో తెలుసు. పరీక్షలో ఆంగ్లంలో రాయగలడు. హసన్‌పర్తిలోని తన పిన్నికి తెలుగులో చెప్పమంటే పాస్‌వర్డ్, లింక్, ఓటీపీ అన్న మాటలతో చక్కగా చెప్పగలడు. వికీపీడియాలో లోనికి ప్రవేశించే పెట్టె మాత్రం పాస్‌వర్డ్ అనదు, సంకేతపదం అంటుంది. ఇంటి మాటకూ పెట్టె మీది మాటకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని పరిశీలకుడు దోషంగా లెక్కించాలా, శైలిగా వదిలేయాలా అన్నదానికి ఆరు అంశాల పట్టికలో జవాబు లేదు. సుబోధత అన్న ఆరవ అంశం ఆంగ్ల పాఠకుణ్ణి ఊహించుకొని రాసినది. తెలుగులో దాన్ని తిరగరాయవలసినది తెలుగు పరిశీలకులే.

హసన్‌పర్తి పుటకు సంబంధించి చిన్న పని ఒకటి ఉంది. కనిపించని ఆ విభాజకం లేకుండా టైపు చేస్తే ఊరి పేరు హసన్పర్తి అవుతుంది. మనిషి రెంటినీ ఒకటిగానే చదువుతాడు. యంత్రం వాటిని రెండు వేర్వేరు పేర్లుగా చూస్తుంది. వెతికినవారు దారి తప్పకుండా ఒక పేరు నుండి మరొక పేరుకు తీసుకువెళ్ళే పుటలను తెలుగు వికీపీడియాలో దారిమార్పు అంటారు. ఎవరో ఒక సభ్యుడు గుర్తుపెట్టుకొని వాటిని చేస్తాడు. వాటికి నాణ్యతా శ్రేణి అంటూ ఏదీ ఉండదు.